గోల వినిపించే ఫోను

ఆమెను అందరూ మిషనక్క అనే పిలుస్తారు. అసలు పేరు పాస్‌పోర్టులో ఉంది కానీ, దాన్ని చదివేది విమానాశ్రయంలో ముద్ర కొట్టేవాళ్లే. బట్టల మీద దారంతో పూలు, బ్యాడ్జీలు, కంపెనీల గుర్తులు కుట్టే పెద్ద ఎంబ్రాయిడరీ మిషన్లను బిగించడం, అవి మొరాయిస్తే దారికి తేవడం ఆమె పని.

పంతొమ్మిదో ఏట ఒక కుట్టు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరింది. రేకుల షెడ్డులో ఇరవై మిషన్లు ఒకేసారి మోగుతుంటే పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడేది కాదు. తక్కిన వాళ్లంతా చెవుల్లో దూది కుక్కుకునేవారు. ఆమెకు మాత్రం ఆ గోలలో ఏ మిషన్ గొంతు ఏదో విడివిడిగా తెలిసిపోయేది. ఒకరోజు మెకానిక్కు దగ్గరికి వెళ్లి, "సార్, పదకొండో మిషన్‌కి ఒంట్లో బాగోలేదు. సాయంత్రానికి పడకేస్తుంది" అంది. ఆయన పకపకా నవ్వాడు. నాలుగున్నరకి పదకొండో మిషన్ నిజంగానే పడకేసింది. ఇంకో రెండుసార్లు అలాగే జరిగాక ఆయన నవ్వడం మానేసి, ఆమె చేతికి స్పానర్ ఇచ్చాడు.

అక్కణ్నుంచి ఆమె వెనక్కి తిరిగి చూసుకోలేదు. మిషన్లు అమ్మే ఒక కంపెనీ ఆమెను పిలిచి పని ఇచ్చింది. తాను బిగించిన ప్రతి మిషన్ పక్కన చిన్న కాగితం మీద తన ఫోన్ నంబరు రాసి, పైన టేపు అంటించి వచ్చేది. కంపెనీ వేరే దేశాల్లో కూడా మిషన్లు అమ్మడం మొదలుపెట్టాక, నలభై అయిదేళ్ల వయసులో మిషనక్క మొదటిసారి విమానం ఎక్కింది. ఆ తర్వాత కాలికి బలపం కట్టుకున్నట్టే అయింది. ఏడాదికి ఎనిమిది ప్రయాణాలు; ఒక్కోటి పదిహేను, ఇరవై రోజులు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్తకు పక్కవీధిలో బేకరీ. అత్తగారు ఒకప్పుడు పేరున్న దర్జీ. డెబ్భై నాలుగేళ్లు వచ్చినా ముందుగదిలో కాలితో తొక్కే మిషన్ దగ్గర కూర్చుని, తెలిసినవాళ్ల బట్టలు కుడుతూనే ఉంటుంది. మిషనక్క ఊళ్లో లేకపోయినా ఇంట్లో ఏ పనీ ఆగేది కాదు. ఆగేదల్లా ఆమె ఫోనే.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఊళ్లో ఎక్కడ మిషన్ చెడినా ముందు ఆమెకు ఫోన్ చేస్తారు. లక్షణాలు చెప్పబోతే ఆమె వినదు. "నువ్వు కాసేపు మాట్లాడకమ్మా. ఫోన్ మిషన్ మీద పెట్టి, దాన్ని మాట్లాడనివ్వు" అంటుంది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విన్నట్టు, కళ్లు మూసుకుని వింటుంది. పదింట ఏడుసార్లు జబ్బేమిటో అక్కడే చెప్పేస్తుంది. కానీ ఇలా వినడానికి అయిదు నిమిషాలు పట్టొచ్చు, అరగంటా పట్టొచ్చు. సొంతూళ్లో ఉన్నప్పుడు ఎంతసేపైనా ఫరవాలేదు. పరాయి దేశంలో ఉన్నప్పుడు, తన మామూలు నంబరుకి కాల్ వస్తే ఎత్తినందుకు కూడా నిమిషానికింతని పడుతుంది. అందుకని విమానం దిగగానే ఫోన్ ఆపేసేది. ఇక్కడ మిషన్లు ఆగిపోయినవాళ్లు ఆమె వచ్చేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేవారు.

ఒక ప్రయాణంలో మాత్రం ఆమె మనసు ఒప్పక ఫోన్ తెరిచే ఉంచింది. నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది. భర్త కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏమే, నువ్వు మిషన్ బాగుచేశావా, కొనిచ్చావా?" అన్నాడు.

"అంత వచ్చిందా?"

"దీంతో నన్ను కూడా ఆ దేశం తీసుకెళ్లి, నాలుగు రోజులు తిప్పి తీసుకురావచ్చు."

ముందుగదిలోంచి అత్తగారు అందుకుంది. "వాణ్ని తిప్పడం దేనికే? నన్ను తీసుకెళ్లు. నేనైతే తక్కువ తింటాను."

నవ్వుకున్నారు కానీ, ఆ సాయంత్రమే మిషనక్క ఫోన్ల కొట్టుకు నడిచింది. ఆ కొట్టు నడిపేది ఒక చలాకీ అమ్మాయి. పగిలిన అద్దాలు మారుస్తూనే పదిమందికి పది సలహాలు చెప్పగలదు. సంగతంతా విని, "దీనికింత బాధెందుకక్కా? ఇంటర్నెట్ ఫోన్ తీసుకో" అంది.

"అంటే వీడియోలో మాట్లాడుకునేదా? అది ఉందిగా నాకు."

"అది కాదు. అందులో నీకు చెయ్యాలంటే అవతలివాళ్ల దగ్గరా అదే యాప్ ఉండాలి. నీ మిషన్లవాళ్లంతా మామూలు నంబరుకే చేస్తారు కదా? ఇందులో నీకో నంబరిస్తారు. ఎవరు ఏ ఫోన్లోంచి చేసినా అది ఇంటర్నెట్ మీద నీ దగ్గరికొస్తుంది. నువ్వు ఏ దేశంలో ఉన్నా ఒకటే. వైఫై ఉంటే చాలు."

"నంబరు మారుస్తానంటే కుదరదమ్మా. నా నంబరు వందల మిషన్ల మీద అంటించి ఉంది. ఎవరెవరికని చెప్పను?"

"మార్చక్కర్లేదు. నీ పాత నంబరుకొచ్చే కాల్స్‌ని కొత్తదానికి మళ్లించెయ్. కానీ గుర్తుపెట్టుకో, ఆ మళ్లింపు ఇక్కణ్నుంచి బయల్దేరేముందే చెయ్యాలి. అక్కడికెళ్లాక చేద్దామనుకుంటే మళ్లీ బాదుడే. పాత సిమ్ ఫోన్లోనే ఉంచు, బ్యాంకువాళ్ల మెసేజీలు రావాలిగా. దాని ఇంటర్నెట్ మాత్రం ఆపెయ్."

మిషనక్క ఒక బిల్లు వెనక అన్నీ రాసుకుంది. అమ్మాయి నాలుగు కంపెనీల పేర్లు చెప్పింది. అన్నిట్లోకీ చౌకైనది ఏదని అడిగి, దానితోనే మొదలుపెట్టింది మిషనక్క. చౌకగా వచ్చింది చౌకగానే పనిచేసింది. భర్త బేకరీ నుంచి చేసి, "రొట్టెలు అయిపోయాయి, రాత్రికి ఏం తెమ్మంటావ్?" అని అడిగితే, ఆమెకు "రొ... లు... పోయా... ఏం..." అని వినపడింది. ఎవరు పోయారోనని హడలిపోయి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఆయన గల్లా దగ్గర కూర్చుని తాపీగా లెక్క చూసుకుంటున్నాడు. ఆ కంపెనీకి ఆ పూటతోనే చెల్లు.

రెండో కంపెనీ బాగా ఖరీదు. మూడోది వారం రోజులు ఊరికే వాడి చూసుకోమంది. దానికి అందరూ మంచి పేరే చెప్పారు. భర్తతో మాట్లాడి చూసింది. మాట గాజులా స్పష్టంగా ఉంది. బేకరీలో పిండి కలిపే యంత్రం పక్కనే నిలబడి మాట్లాడుతున్నా, ఏదో పూజగదిలోంచి మాట్లాడుతున్నంత ప్రశాంతంగా వినపడింది. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. సంతోషంలో ఉంది మరి.

అసలు పరీక్ష పెట్టుకున్నది మర్నాడు పొద్దున. అత్తగారి మిషన్ మీద ఫోన్ పెట్టి, ఆవిడని తొక్కమని చెప్పి, మిషనక్క రెండో ఫోన్ తీసుకుని బేకరీకి వెళ్లి కూర్చుంది.

"అత్తయ్యా, ఇక తొక్కండి."

"తొక్కుతున్నాను."

ఏమీ వినపడలేదు. "మొదలుపెట్టారా?"

"మొదలుపెట్టానే."

"ఇంకొంచెం గట్టిగా తొక్కండి అత్తయ్యా, ఏమీ వినపడ్డం లేదు."

కాసేపయ్యాక ఆయాసపడుతున్న గొంతు వినపడింది. "ఇప్పుడూ?"

"మీ ఆయాసం వినపడుతోంది. మిషన్ వినపడ్డం లేదు. నిజంగానే తొక్కుతున్నారా?"

"నిజంగానే అంటే? ఈ వయసులో నీకు అబద్ధాలు తొక్కి చూపిస్తానా? నా మోకాళ్లు రెండూ నీ ఫోనుకి ఆహుతైపోయాయి. ఇంటికొచ్చి చూసుకో!"

మిషనక్క ఇంటికి వచ్చి చూసింది. అత్తగారు చెమటలు కక్కుతూ తొక్కుతోంది. మిషన్ ఇల్లెగిరిపోయేటట్టు టకటకలాడుతోంది. చేతిలోని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే, అందులో మాత్రం చీమ చిటుక్కుమనలేదు.

నేరుగా ఫోన్ల కొట్టుకు వెళ్లింది. అమ్మాయి విని, గర్వంగా చిరునవ్వు నవ్వింది. "అదేగా దాని గొప్పతనం! చుట్టూ ఎంత గోలున్నా వడగట్టేసి, మనిషి గొంతు మాత్రమే పంపిస్తుందక్కా."

"నాకు ఫోన్ కావాల్సిందే ఆ గోల కోసం కదమ్మా!"

అమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టేసింది. ఇన్నేళ్లలో గోల కావాలని అడిగినవాళ్లు ఆమెకు తగల్లేదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని విరగబడి నవ్వారు. నవ్వయ్యాక అమ్మాయి నాలుగో కంపెనీ పేరు బయటికి తీసింది. చిన్న కంపెనీ, ప్రకటనలు పెద్దగా ఉండవు, నెలవారీ రుసుము తక్కువే, నంబరు మళ్లించుకోవచ్చు. మరి శబ్దాన్ని వడగడుతుందో లేదో తనకూ తెలియదంది.

మిషనక్క ఆ కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఒకాయన మర్యాదగా అడిగాడు.

"చెప్పండి మేడమ్, మీ సమస్య ఏంటి? వెనక శబ్దాలు ఎక్కువగా వస్తున్నాయా?"

"లేదు బాబూ. రావాలి."

"రాకుండా చేస్తాం మేడమ్."

"వద్దు వద్దు. రావాలంటున్నాను. పక్కన మిషన్ తిరుగుతుంటే దాని మోత, కిర్రు, టక్కు, అన్నీ నాకు వినపడాలి."

"క్షమించండి మేడమ్, శబ్దం రావడమే కదా సమస్య?"

"రాకపోవడం!"

ఆయన పైవాళ్లని అడిగి చెబుతానన్నాడు. ఇలా చెప్పినవాళ్లెవరూ మళ్లీ చెయ్యరని మిషనక్కకు అనుభవమే. కానీ గంట తిరక్కుండా ఒకామె ఫోన్ చేసింది. ఆమె ఆ యాప్ తయారుచేసేవాళ్లలో ఒకరట. సంగీతం నేర్పేవాళ్లు కొందరు ఫిర్యాదు చేస్తే, శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే మీట ఒకటి లోపల పెట్టారట. ఎవరూ వాడరు కాబట్టి ఎక్కడో అడుగున పడి ఉందట. అది ఎక్కడుందో అడుగడుగూ చెప్పి నొక్కించింది. "అయితే వైఫై కాస్త గట్టిగా ఉండాలండీ. ఇంకోటి, కొన్ని దేశాల్లో ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలుంటాయి. వెళ్లేముందు ఒకసారి అడిగి వెళ్లండి" అని కూడా చెప్పింది. అడక్కుండానే లోపాలు చెప్పిన కంపెనీని మిషనక్క మొదటిసారి చూసింది. ఆ మాటకే సగం పడిపోయింది.

రెండో పరీక్షకు అత్తగారు ససేమిరా అంది. "నా కాళ్లు నీ ఫోను కంపెనీలకి ప్రయోగశాలా?" అని నిలదీసింది. ఈసారి భర్త వచ్చి తొక్కాడు. ఆయనకు తొక్కడం చేతకాదు; చక్రం ముందుకోసారి, వెనక్కోసారి తిరిగి దారం ఉండచుట్టుకుపోయింది. బేకరీలో కూర్చున్న మిషనక్కకు అదంతా పూసగుచ్చినట్టు వినపడింది.

"ఏవండీ, దారం చుట్టుకుపోయింది, ఆపండి. అత్తయ్య చూస్తే మీ పని అయిపోతుంది."

"నీకెలా తెలిసింది?" అని ఫోన్లో ఆయన, "చూస్తే ఏంటి, చూశాను!" అని వెనక అత్తగారు. ఆ వెనక గొంతు కూడా స్పష్టంగా వినపడింది. మిషనక్క ఆ పూటే సంవత్సరానికి డబ్బు కట్టేసింది.

పది రోజుల తర్వాత ప్రయాణం. బయల్దేరే రోజు పొద్దున్నే కాల్స్ మళ్లించి, ఫోన్ల కొట్టు అమ్మాయికి ఒకసారి చూపించి మరీ విమానం ఎక్కింది. వెళ్లిన చోట క్రీడాకారుల టోపీలు కుట్టే ఫ్యాక్టరీ. కొత్తవి ఆరు మిషన్లు బిగించాలి. మూడు రోజులు ఫోన్ మోగలేదు. పనిచేస్తోందో లేదోనని ఆమెకు గుబులు పుట్టింది. నాలుగోరోజు, మిట్టమధ్యాహ్నం, ఆమె ఒక మిషన్ కింద దూరి నట్లు బిగిస్తుంటే జేబులో మోగింది.

చుట్టూ మోతగా ఉంది. ఫోన్ పట్టుకుని గుడ్డల తానులు పేర్చిన గదిలోకి పరుగెత్తింది. ఎత్తుగా పేర్చిన తానుల మధ్య బావిలో ఉన్నంత నిశ్శబ్దం. చేసింది సొంతూళ్లో యూనిఫాంలు కుట్టించే ఆవిడ. ఎప్పుడూ కంగారు మనిషి.

"అక్కా, కొంప మునిగింది! మూడువందల చొక్కాలకి బడి బ్యాడ్జీలు కుట్టాలి. రేపు ఇచ్చెయ్యాలి. మిషన్ పది కుట్లు వెయ్యడం, దారం తెంపడం. మళ్లీ పది కుట్లు, మళ్లీ తెంపడం. నిన్నటిదాకా బంగారంలా పనిచేసింది. సూదులు మార్చాను, దారం మార్చాను..."

"ఊపిరి పీల్చుకోమ్మా. ఫోన్ మిషన్ మీద పెట్టి నడుపు."

మిషనక్క కళ్లు మూసుకుంది. మిషన్ మోత తెర తీసినట్టు వచ్చింది. సూదుల టకటకలు సమంగా ఉన్నాయి. మోటారు హాయిగా తిరుగుతోంది. కింద దారాన్ని పట్టే కొక్కెం దగ్గర గీసుకుంటున్న చప్పుడేమీ లేదు. మరి దారం తెగడం ఎందుకు? ఇంకోసారి విన్నది. అన్ని చప్పుళ్ల అడుగున, పళ్లు కొరికినట్టు సన్నగా గడగడమని ఇంకో చప్పుడు ఉంది. అది మిషన్‌ది కాదు. నేలది.

"ఇప్పుడు ఫోన్ నేలమీద పెట్టు. నాలుగు కాళ్ల దగ్గరా ఒక్కో నిమిషం."

"నేలమీదా? అక్కా, చెడింది పైన..."

"పెట్టమ్మా."

మొదటి కాలు. రెండో కాలు. మూడో కాలు దగ్గర ఆ గడగడ చెవి పగిలేలా వచ్చింది.

"గోడ వైపు, ఎడమ కాలు దగ్గరున్నావు కదూ?"

"అవును!" ఆవిడ గొంతు సగానికి పడిపోయింది. "నీకెలా తెలుసు?"

"ఆ కాలు నేలకి ఆనడం లేదు. మిషన్ని ఎవరైనా జరిపారా?"

"అయ్యో, నిన్న గోడలకి రంగు వేశారు. వాళ్లు జరిపి మళ్లీ పెట్టేశారు."

"అదే. మిషన్ వణుకుతోంది, వణుక్కి దారం తెగుతోంది. ఆ కాలికింద స్క్రూ ఉంటుంది, నేలకి తగిలేదాకా తిప్పు. పైన ఉన్న నట్టు మర్చిపోకుండా బిగించు."

పది నిమిషాల పాటు స్పానర్ జారిన చప్పుడు, ఒక తిట్టు, మళ్లీ స్పానర్ చప్పుడు వినపడ్డాయి. తర్వాత మిషన్ మళ్లీ నడిచింది. పది కుట్లు, యాభై, రెండువందలు. దారం తెగలేదు. గడగడ పోయింది.

"బతికించావక్కా! ఇంత స్పష్టంగా వినిపిస్తున్నావు, ఈ సందు చివరే ఎక్కడో ఉన్నట్టున్నావు. వచ్చెయ్, టీ తాగి వెళ్దువు గాని."

"రాలేనమ్మా. సముద్రం అవతల ఉన్నాను."

"సముద్రం అవతలా? ముప్పావుగంట నుంచీనా? అయ్యయ్యో, ముందు చెప్పొద్దూ! పెట్టెయ్, పెట్టెయ్!" అని ఆవిడే టక్కున పెట్టేసింది.

తానుల గదిలో ఒక్కతే నిలబడి మిషనక్క నవ్వాపుకోలేకపోయింది. మళ్లీ తనే చేసి, "ఇక్కణ్నుంచి నీకు చేసినా పెద్దగా పడదు. ఇప్పుడు చెప్పు, మీ అమ్మాయి పరీక్షలెలా రాసింది?" అని అడిగి, ఇంకో పావుగంట మాట్లాడింది. ఏళ్ల తరబడి విమానం దిగగానే ఫోన్ ఆపేసేటప్పుడు గుండెలో చిన్న ముల్లు గుచ్చుకునేది. ఆ మధ్యాహ్నం ఆ ముల్లు లేదని ఆమెకు తెలిసింది.

అలా అని అంతా సుఖమే అనడానికి లేదు. ఆ ప్రయాణంలోనే ఇంకో దేశం మీదుగా రావాల్సి వస్తే, అక్కడ రెండురోజులు యాప్ మూగనోము పట్టింది. ఆంక్షల సంగతి అడిగి వెళ్లమన్న మాట ఆమె మర్చిపోయింది. ఫోన్ ఎవరూ ఎత్తకపోయేసరికి పదిమంది ఇంటికి ఫోన్లు చేశారు. అత్తగారు ఏమాత్రం తడబడకుండా, "ఫోన్ మిషన్ మీద పెట్టండి, నేను వింటాను" అని అందరికీ చెప్పిందట. ముగ్గురికి జబ్బు కూడా చెప్పింది. ఒకటి సరిపోయింది, ఒకటి తప్పింది. మూడోవాళ్ల మిషన్‌కి అసలు కరెంటే లేదట.

"యాభై ఏళ్లు కుట్టానే, ఆమాత్రం తెలీదా?" అంది ఆవిడ, కోడలు ఇల్లు చేరాక.

"కరెంటు లేని మిషన్లో ఏం వినపడింది అత్తయ్యా?"

"నిశ్శబ్దంగా ఉందంటే పెద్ద జబ్బేనని చెప్పాను. తప్పేముంది?"

ఇప్పుడు ప్రయాణానికి ముందు మిషనక్క ఏ దేశంలో ఏం నడుస్తుందో కనుక్కునే బయల్దేరుతుంది. భోజనం వేళలో, నిద్ర వేళలో ఫోన్ మోగకుండా పెట్టుకోవడం కూడా నేర్చుకుంది. ఫోన్ల కొట్టు అమ్మాయి మాత్రం దేశాలు తిరిగే కొత్తవాళ్లెవరు వచ్చినా, "ముందు మీ పని ఏంటో చెప్పండి, తర్వాత కంపెనీ చెబుతాను" అంటోంది.

మొన్న ఒక ఆదివారం ఇంట్లో ముగ్గురూ బఠానీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఫోన్ మోగింది. టోపీల ఫ్యాక్టరీ నుంచి. అక్కడి మెకానిక్కుకి మిషనక్క భాష రాదు, ఆమెకు ఆయన భాష రాదు. అక్కడున్నప్పుడు ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. ఆయన ఒక నమస్కారం లాంటి మాట అని, ఫోన్ మిషన్ మీద పెట్టేశాడు. గదంతా సముద్రం అవతలి మోతతో నిండిపోయింది. అత్తగారు ఒలవడం ఆపి చెవి ఒగ్గింది. భర్త పళ్లెం పక్కకి జరిపాడు.

మిషనక్క కాసేపు విని, "బెల్ట్" అంది.

అవతల మోత ఆగింది. ఏదో మూత తీసిన చప్పుడు. కాసేపటికి ఆయన "బెల్ట్! బెల్ట్!" అని అరిచి, పక్కవాళ్లని పిలిచి చూపిస్తున్నట్టున్నాడు, నలుగురైదుగురు నవ్వడం వినపడింది. వీళ్లు ముగ్గురూ కూడా నవ్వారు. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో ఎవరికీ తెలియకపోయినా, అటూ ఇటూ చాలాసేపు ఫోన్ పెట్టలేదు.